మా ఊరి చిన్న బడితో ఎనిమిదేళ్లు

2018 జూన్‌లో మా అమ్మాయిని ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో వేశాం. మాది ప్రకాశం జిల్లా టంగుటూరుకు దగ్గరలో పొగాకు పండే ఊరు. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, 34 మంది పిల్లలు. ఎదురింటి పిల్లలు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతుంటే తప్పు చేస్తున్నానేమోనని చాలా రోజులు మథనపడ్డాను. ఇప్పుడు అమ్మాయి ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి. అబ్బాయి ఊరి బడిలోనే అయిదో తరగతి.

ఒకే గదిలో మూడు తరగతులుంటే చదువు సాగదని బంధువులందరూ అన్నారు. మా ఇంట్లో అలా జరగలేదు. రెండో తరగతిలో ఉండగానే అమ్మాయి, పక్క వరుసలో పెద్ద పిల్లలకు చెప్పే భాగహారాలు విని, ఇంటికొచ్చి పలక మీద వేసేది. నాలుగో తరగతిలో చిన్నపిల్లల చేత గుణింతాలు దిద్దించే పని టీచరు ఆమెకు అప్పగించారు. ఒత్తులు తనకే సరిగా రావని అప్పుడే తెలుసుకుని, పట్టుబట్టి నేర్చుకుంది. అయిదు పూర్తయ్యేసరికి వార్తాపత్రికను తడబడకుండా చదివేది. తనతో చదివిన ఆరుగురిలో అయిదుగురికి ఆ పట్టు వచ్చింది. ఆరో పిల్లవాడి తల్లిదండ్రులు పొగాకు బ్యారన్ల (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గదుల) పనికి వలస వచ్చినవాళ్లు. ఆకు కాల్చడం అయిపోగానే వెళ్లిపోయేవారు, మళ్లీ సంక్రాంతి వేళకు వచ్చేవారు. వాడు వచ్చిన ప్రతిసారీ టీచరు పాఠం వెనక్కి తిప్పి వాడితో మొదలుపెట్టేవారు. ఆ ఓపికకు నేను ఈ రోజుకీ చేతులెత్తి దండం పెడతాను.

లోపాలూ చెప్పాలి. ఒక టీచరు శిక్షణకో సమావేశానికో వెళితే అయిదు తరగతులూ మరొకరి మీద పడతాయి, ఆ రోజు చదువు లేనట్టే. 2020 తర్వాత పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఇచ్చారు. అర్థం చేసుకోవడానికి అది చాలా మేలు చేసింది కానీ, ఇంగ్లీషులో మాట్లాడించేవారే లేరు. ఆరో తరగతిలో మా అమ్మాయి కొన్ని నెలలు నోరు విప్పలేదు. భోజనం బాగానే ఉండేది, గుడ్డు, చిక్కీ వచ్చేవి.

మా బడిలో పిల్లల సంఖ్య తగ్గింది, దానికి చదువు కారణం కాదని గట్టిగా చెబుతాను. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రభుత్వ బడులను బాగుచేసే ‘నాడు-నేడు’ పథకం ప్రారంభమైంది, తర్వాత మా బడికీ మరుగుదొడ్లు, మంచినీళ్లు వచ్చాయి. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చిన అమ్మ ఒడి డబ్బు మాత్రం ప్రైవేటులో చదివే పిల్లల తల్లులకూ వచ్చేది కాబట్టి కొందరికి అటు ఫీజు కట్టడం తేలికైంది. అసలు దెబ్బ 2022లో 117 నంబరు జీవోతో పడింది. మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలకు పంపారు. కాగితం మీద కిలోమీటరే. మా పిల్లలు మాత్రం లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి దాటాలి. ఎలాగూ ఊరు దాటాల్సినప్పుడు ఇంటి ముందుకు వచ్చే బస్సే నయం కదా అని చాలామంది ఒకటో తరగతి నుంచే ప్రైవేటుకు మళ్లారు. ఆ ఏడాది ఊరి బడిలో తొమ్మిది మంది మిగిలారు. మా అబ్బాయి మూడు, నాలుగు తరగతులు రోడ్డు అవతలే చదివాడు. రోజూ పొలం పని వదిలి వాడిని చెయ్యి పట్టుకుని దాటించాను.

2025లో ఆ జీవో రద్దయ్యాక పై తరగతులు మా ఊరికి తిరిగి వచ్చాయి, అబ్బాయీ వచ్చాడు. బస్సుకు అలవాటుపడిన పిల్లలు మాత్రం రాలేదు. ఇప్పుడు 16 మంది ఉన్నారు. మా అమ్మాయి జాతీయ ఉపకారవేతన పరీక్షకు కూర్చుంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

వచ్చే జూన్‌లో మా మరిది కూతురిని ఇక్కడే ఒకటో తరగతిలో చేరుస్తున్నాం. తక్కువమంది ఉన్నారన్న లెక్క చూపి రెండో టీచరును తీసేయవద్దని తల్లులందరం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం.