సివిల్ దావాలో రుజువు: ఇంగ్లాండ్ తీరు, జర్మనీ తీరు

ఇంగ్లాండ్‌లో సాక్షిని పిలిచేది, క్రాస్ ఎగ్జామినేషన్ చేసేది లాయర్లే. జర్మనీలో ముందుగా జడ్జే ప్రశ్నిస్తారు, నిపుణుణ్ణి కోర్టే నియమిస్తుంది.

అలాగని అక్కడ జడ్జే వాస్తవాలు వెతికిపెడతారనుకుంటే దావా పోగొట్టుకుంటారు. ఏం జరిగిందో చెప్పాల్సింది, ఏ అంశానికి ఏ సాక్షో రాతపూర్వకంగా ఇవ్వాల్సింది అక్కడా కక్షిదారులే. ఎదుటివారు కాదనని విషయానికి రుజువు అక్కర్లేదు. వాదనలో లోటుంటే మాత్రం జర్మన్ సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ కింద జడ్జి ఎత్తిచూపాలి. లాయరు బలహీనమైనవాళ్లకు ఇది నిజమైన అండ.

పత్రాల దగ్గర ఇంగ్లాండే మెరుగు: డిస్‌క్లోజర్‌లో, అంటే దావాకు సంబంధించిన పత్రాలను ఎదుటివారికి తెలిపే దశలో, కక్షిదారులు తమకు ప్రతికూలమైనవి కూడా బయటపెట్టాలి. జర్మనీలో అలాంటి సాధారణ బాధ్యత లేదు. కీలక కాగితం ఎదుటివారి దగ్గరే ఉంటే రుజువు అక్కడే ఆగిపోవచ్చు.