పాత బెంజ్‌కు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు: జయపురం గ్యారేజీ పనిపై సమీక్ష

ఒడిశాలోని కోరాపుట్ నుంచి ఆంధ్రలోని సాలూరు వైపు తరచూ దిగేవారికి బ్రేకుల విలువ ఒకరు చెప్పనక్కరలేదు. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా 120 మీటర్ల దరిదాపుల్లో ఉన్న సాలూరుకు చేరేసరికి, మనుషులతోను సామానుతోను కలిపి 1,800 కిలోలు తూగే కారు వదిలించుకోవలసిన శక్తిని లెక్క వేస్తే, అది నలభై లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత ఇంజను, కొంత ఎదురుగాలి, కొంత టైర్లు పంచుకుంటాయి. మిగిలినదంతా చక్రాలతో పాటు తిరిగే బ్రేకు డిస్కుల్లో వేడిగా మారుతుంది. ఆ డిస్కులను రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టేవి క్యాలిపర్లు; పాత ఐరోపా కార్లకు పెద్ద క్యాలిపర్లు వేయించాలా వద్దా అన్న ప్రశ్నను ఈ వేడి లెక్కతోనే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

నా కారు మెర్సిడిస్ డబ్ల్యూ124 వరుసకు చెందిన ఈ-220. ఈ వరుస కార్లను 1995 నుంచి పుణెలో కూర్చి మన దేశంలో అమ్మారు. దీనికి ముందు చక్రాల దగ్గర 284 మిల్లీమీటర్ల వ్యాసం, 22 మిల్లీమీటర్ల మందం గల డిస్కులు, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ ఒక్కొక్కటే ఉండి, పిన్నుల మీద జరిగే క్యాలిపర్లు ఉంటాయి. ఇదే వరుసలోని శక్తిమంతమైన 500ఈ కారుకు, ఆ కాలపు ఎస్ఎల్ వరుస కార్లకు తాము జరగకుండా రెండు వైపుల నుంచీ నొక్కే నాలుగు పిస్టన్ల స్థిర క్యాలిపర్లు వేశారు. వాటిలో తర్వాతి కార్లకు 320 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మిల్లీమీటర్ల మందం గల డిస్కులు వచ్చాయి. కంపెనీ సొంత భాగాలే కావడం వల్ల, ఈ మార్పు పాత బెంజ్ యజమానులలో చాలాకాలంగా ప్రసిద్ధం.

పని చేయించినది జయపురం ఊరి చివర ఉన్న ఒక చిన్న గ్యారేజీలో. మేస్త్రీది బొబ్బిలి వైపు. పని కుర్రాళ్లతో ఒడియాలోను, మాతో తెలుగులోను ఒకే ఊపిరిలో మాట్లాడతారు. పెద్ద క్యాలిపర్ల ప్రస్తావన తేగానే ధర చెప్పేస్తారని అనుకున్నాను గాని, ఆయన "ముందు ఉన్నవేటో విప్పి చూద్దాం బాబూ, కొత్తవాటి మాట తర్వాత" అన్నారు. ఈ గ్యారేజీకి నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఆ ఒక్క మాటే కారణం.

విప్పి చూస్తే ఎడమ వైపు లోపలి ప్యాడ్ దాదాపు ఇనుప పలక వరకు అరిగిపోయి ఉంది. దాని ఎదురుగా ఉన్న బయటి ప్యాడ్ మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. జారవలసిన పిన్ను తుప్పుతో బిగుసుకుపోవడం వల్ల క్యాలిపర్ జరగక, పిస్టన్ ఉన్న వైపు ప్యాడ్ మీదనే భారమంతా పడుతూ వచ్చిందన్నమాట. పిస్టన్ బయటికి తీసినప్పుడు దాని అంచున గోధుమ రంగు మచ్చలు కనిపించాయి. పెడల్ ఒత్తిడిని పిస్టన్‌కు చేర్చే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. ఇక్కడి వానాకాలంలో ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ వల్ల లోపలి లోహం తుప్పు పట్టడం సహజం. పిస్టన్ చుట్టూ ఉండే నలుపలకల రబ్బరు సీలు, పెడల్ నొక్కినప్పుడు కొద్దిగా మెలితిరిగి, వదిలినప్పుడు తిరిగి నిటారుగా అవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అక్కడ తుప్పు చేరితే ఆ చిన్న కదలిక ఆగిపోయి, ప్యాడ్ డిస్కును ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. మామూలు గ్రీజు తగిలితే ఈ సీళ్లు ఉబ్బిపోతాయి గనుక, మేస్త్రీ రబ్బరుకు సరిపడే గ్రీజునే తెప్పించి వాడారు.

పాత క్యాలిపర్లకు కొత్త సీళ్లు, పిన్నులు, హోస్ పైపులు వేసి, డాట్-4 రకం బ్రేక్ ఆయిల్ నింపి ఇచ్చాక, ఊళ్లో నడిపేటప్పుడు కనిపించిన తేడా చాలా పెద్దది. ఇంకా చెప్పాలంటే, మొత్తం మీద పెడల్ తీరులో వచ్చిన మెరుగుదలలో పెద్ద పాలు ఈ చవకైన మరమ్మతుదే. జయపురం, నవరంగ్‌పూర్, రాయగడ పరిసరాలలో మాత్రమే తిరిగే పాత కార్ల వారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది. ఉన్న బ్రేకులు చక్రాన్ని పూర్తిగా పట్టి ఆపగలుగుతున్నప్పుడు, ఒక్కసారి గట్టిగా నొక్కితే కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరుకు రోడ్డుకు మధ్య ఉన్న పట్టు మీద ఆధారపడుతుంది గాని, క్యాలిపర్‌లో పిస్టన్లు ఎన్ని అన్నదాని మీద కాదు.

ఘాట్ సంగతి వేరు. ఒకదాని వెంట ఒకటిగా వచ్చే మలుపులలో, ముందు బాక్సైటు లారీయో కలప లారీయో ఉన్నప్పుడు, గేరు తగ్గించి దిగినా బ్రేకు తరచూ తాకక తప్పదు. డాట్-4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. పెద్ద డిస్కులో ఇనుము ఎక్కువ, గాలి తగిలే వైశాల్యమూ ఎక్కువ గనుక అంతే వేడికి అది తక్కువగా కాలుతుంది. అందుకే రెండో విడతగా నాలుగు పిస్టన్ల జత వేయించాను.

భాగాల కొనుగోలే ఈ వ్యవహారమంతటిలో చికాకు కలిగించినది. వాడిన క్యాలిపర్లను మరో రాష్ట్రం నుంచి పంపిన అమ్మకందారు, రెండూ ఎడమ వైపువే పంపించారు. బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి తీసే నిపుల్ క్యాలిపర్ పై భాగాన ఉండాలి. రెండో దానిని కుడి చక్రం దగ్గర పెట్టి చూస్తే నిపుల్ కిందికి వచ్చింది. అలాగే బిగిస్తే పైన చిక్కుకున్న గాలి ఎన్నిసార్లు పెడల్ తొక్కినా బయటికి రాదు. దానిని వెనక్కి తీసుకోవడానికి ఆ అమ్మకందారు పెట్టిన సతాయింపు ఇక్కడ రాయదగినది కాదు. కొనేవారు ఫొటోలో నిపుల్ ఏ వైపున ఉందో చూసి గాని డబ్బు పంపకూడదు.

బిగింపు పని నాణ్యంగా ఉంది. బోల్టులన్నీ బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగించారు. చుట్టుపక్కల గ్యారేజీలలో ఇది అరుదు. క్యాలిపర్ రెండు ముక్కలను కలిపే బోల్టుల జోలికి పోకుండా పిస్టన్లను గాలి ఒత్తిడితో బయటికి తీశారు. మొదట పెడల్ మునుపటి కంటే కొంచెం లోతుకు దిగింది. నాలుగు పిస్టన్లను కదిలించడానికి ఆయిల్ ఎక్కువ కావలసి రావడమే కారణం. పెడల్ తొక్కితే ఆయిల్‌ను క్యాలిపర్లకు నెట్టే మాస్టర్ సిలిండర్‌ను కొంత పెద్దది వేశాక అది సర్దుకుంది. భాగాలు, కూలి కలిపి ఖర్చు లక్ష దాటింది; కారు అమ్మితే వచ్చే ధరతో పోల్చుకునేవారు ఈ పనికి దిగకపోవడమే మేలు.

ఫలితం ఘాట్‌లో స్పష్టంగా తెలుస్తోంది. సుంకి దాటి కిందికి వచ్చాక కూడా పెడల్ కోరాపుట్‌లో ఉన్నంత ఎత్తులోనే, అంతే గట్టిగా ఉంటోంది. పూర్వం దిగువ మలుపుల దగ్గర వచ్చే కాలిన వాసన లేదు. అయితే వెనుక బ్రేకులు పాతవే కావడంతో పట్టు ముందుకు ఎక్కువగా మళ్లింది. తడి రోడ్డు మీద ముందు టైర్లు తొందరగా పట్టు వదులుతున్నాయి కనుక, వానలో కాలు ఆచితూచి వేయవలసి వస్తోంది. ప్యాడ్ల ధర ఎక్కువ, మసి కూడా ఎక్కువ.

గ్యారేజీ వారు ముందుగా చెప్పవలసి ఉండి చెప్పని విషయం ఒకటుంది. 320 మిల్లీమీటర్ల డిస్కుకు 16 అంగుళాల చక్రాలు కావాలి. డిక్కీలోని 15 అంగుళాల స్టెప్నీ ముందు వైపు పట్టదు. ముందు టైరు పంక్చరైతే వెనుక చక్రాన్ని తీసి ముందుకు వేసి, స్టెప్నీని వెనుక బిగించాలి. ఘాట్‌లో, చీకట్లో ఆ పని రెండు జాకీలుంటేనే సులువు. నేను రెండోదాన్ని సాలూరులో కొని డిక్కీలో వేశాను.