ఆరేళ్లుగా మ్యాన్ పేజీలతో: ఐదో సెక్షన్ తెరవని పాపానికి

లినక్స్ పైపైన వాడటం వచ్చింది, ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే ఎక్కడ చదవాలి అని ఎవరైనా అడిగితే నాది ఒకటే జవాబు. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే విండో) తెరిచి మ్యాన్ అని కొట్టి, పక్కన మీకు కావాల్సిన కమాండ్ పేరు రాయండి, దాని వివరణ పేజీ తెరుచుకుంటుంది. ఈ మాట 2020 నుంచీ చెప్తున్నా. ఆ జనవరిలో విండోస్ 7కి సపోర్టు ఆగిపోయింది. నా పాత లాప్‌టాప్ విండోస్ 10ని మోయలేక మూలిగింది. విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ ఎక్కించా, ఇప్పటికీ అదే. ఎలా ఎక్కించాలి, ఏ డెస్క్‌టాప్ బాగుంటుంది లాంటివి వదిలేస్తున్నా, అవి అందరికీ తెలిసినవే. ఇది మ్యాన్ పేజీల గురించి, అందులోనూ వాటి పక్కన బ్రాకెట్లో ఉండే ఆ చిన్న అంకె గురించి.

తెనాలిలో మా బావకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాసనలు. అక్కడి కంప్యూటర్‌కి కూడా నేనే ఉబుంటు వేశా. రోజూ రాత్రి రెండింటికి ఫోటోల ఫోల్డరు మొత్తాన్ని టార్ అనే కమాండ్‌తో మూటగట్టి రెండో డిస్కులో పడేసేలా క్రాన్‌టాబ్‌లో ఒక లైను రాశా. ఏ పని ఎప్పుడు జరగాలో రాసుకునే పట్టిక అది, క్రాన్ అనే ప్రోగ్రాము దాన్ని చూసి ఆ వేళకి పని నడుపుతుంది. ఏడాదిపైన బ్రహ్మాండంగా నడిచింది.

అప్పట్లో డబ్బులు కట్టి ఒక వీడియో కోర్సు చూస్తున్నా. అందులో పాఠం చెప్పే ఆయన బ్యాకప్ ఫైలు పేరులో ఆ రోజు తేదీ ఎలా చేర్చాలో చూపించాడు. డేట్ కమాండ్, ప్లస్ గుర్తు, పర్సెంటు గుర్తు, పెద్ద ఎఫ్, అన్నీ ఒక బ్రాకెట్లో. పాత కాపీ మీద కొత్తది పడిపోకుండా రోజుకో ఫైలు! ఎంత బాగుందో అనుకుని ఫిబ్రవరిలో ఒకరోజు వెళ్లి క్రాన్‌టాబ్‌లో ఆ లైను మార్చేశా. అదే లైనుని టెర్మినల్‌లో కూడా ఒకసారి నడిపి చూశా. చక్కగా ఫైలు పుట్టింది. బావ ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చేశా.

జూన్‌లో ఫోన్. "ఏరా, కంప్యూటర్లోంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తోంది, ఫోటోలు తెరుచుకోవట్లేదు." ఫోటోలున్న డిస్కు పోయింది. "ఏం కాదు బావా, రెండో దాంట్లో రోజూ కాపీ పడుతోంది" అని ధీమాగా వెళ్లా. తెరిచి చూస్తే తేదీ ఉన్న ఫైలు ఒక్కటే ఉంది, నేను చేత్తో నడిపిన రోజుది. ఆ తర్వాత నాలుగు నెలలు, ఏమీ లేదు. బావ నన్నేమీ అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ రాత్రి స్టూడియోలోనే కూర్చున్నా. సిస్టమ్ లాగ్‌లో రెండింటికి పని మొదలైనట్టు ఉంది, దాని కిందే ఇంకో లైను: మెయిల్ పంపే ప్రోగ్రాము లేదు కాబట్టి అవుట్‌పుట్ పారేస్తున్నాం అని. అంటే క్రాన్ రోజూ మొత్తుకుంటూనే ఉంది, వినే దిక్కే లేదు. మ్యాన్ క్రాన్‌టాబ్ కొట్టా. అంతకుముందు కూడా రెండుసార్లు చదివిన పేజీయే. లైన్లు ఎలా చేర్చాలి, ఎలా తీసేయాలి, అంతే. ఈసారి అడుగుదాకా వెళ్లా. సీ ఆల్సో (ఇవీ చూడండి) దగ్గర మళ్లీ క్రాన్‌టాబ్ అనే ఉంది, పక్కన బ్రాకెట్లో 5.

మ్యాన్, ఐదు, క్రాన్‌టాబ్. అక్కడుంది సమాధానం. కమాండ్‌లో పర్సెంటు గుర్తు కనిపిస్తే, దాని ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే, క్రాన్ దాన్ని కొత్త లైనుగా మార్చేస్తుంది. మొదటి పర్సెంటు తర్వాత ఉన్నదంతా కమాండ్‌లో భాగమే కాదు, దానికి ఇన్‌పుట్‌గా పోతుంది. నా లైను సగానికి తెగి, తెరిచిన బ్రాకెట్ మూయకుండా, కమాండ్లని నడిపే షెల్ చేతికి వెళ్లింది. షెల్ తప్పు అని పారేసింది. టెర్మినల్‌లో ఆ గుర్తుకి ఏ ప్రత్యేకతా లేదు, అందుకే అక్కడ పనిచేసింది. మొత్తం రెండు వాక్యాల సంగతి.

ఆ అంకెలు నేను అన్నాళ్లూ పేజీ నంబర్లనుకున్నా, నవ్వకండి. అవి సెక్షన్ నంబర్లు: 1 అంటే మామూలు కమాండ్లు, 5 అంటే ఫైళ్లు ఏ పద్ధతిలో రాయాలో, 8 అంటే అడ్మిన్ పనులు. 1971 నవంబర్‌లో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పటి నుంచీ ఇలా సెక్షన్లుగానే ఉన్నాయి. ఏదో ఒకటి కావాలి, పేరు తెలియదు అన్నప్పుడు మ్యాన్ మైనస్ కే కొట్టి ఒక మాట ఇస్తే సెక్షన్ నంబర్లతో సహా జాబితా ఇస్తుంది. పేజీలో స్లాష్ కొట్టి వెతుక్కోవచ్చు. అన్నిటికంటే నాకు నచ్చేది, మన మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో దాని పేజీయే కనిపిస్తుంది. నెట్‌లో దొరికే పాత జవాబుల్లా ఉబుంటు ఎప్పుడో మానేసిన నెట్‌వర్క్ ఫైలుని దిద్దమని చెప్పదు.

అయితే పైన అంత గట్టిగా చెప్పాను గానీ, కొన్ని ఒప్పుకోవాలి. బ్యాష్ అనే షెల్‌కున్న పొడవాటి పేజీని మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు, నేనూ చదవలేదు. టార్‌కి ఇప్పటికీ ముందు టీఎల్‌డీఆర్ అనే క్లుప్తమైన పేజీల్లో నాలుగు ఉదాహరణలు చూసుకునే మొదలుపెడతా. ఏది ఎందుకు అన్నది అర్థం కావాలంటే ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వాళ్ల వికీ వైపే వెళ్తా, వాడేది ఉబుంటు అయినా. అద్దెకి తీసుకున్న చిన్న సర్వర్‌లోనైతే స్థలం మిగలడానికి మ్యాన్ పేజీలే తీసేశారు. మ్యాన్ కొడితే, కావాలంటే అన్‌మినిమైజ్ అనే కమాండ్ నడిపి వాటిని తిరిగి తెచ్చుకోమంది. ఇక అంతా ఇంగ్లిష్‌లోనే, అదీ కోర్టు కాగితాల ఇంగ్లిష్.

ఆ వీడియో కోర్సుని కూడా చాలాకాలం తిట్టుకున్నా. తర్వాత మళ్లీ చూస్తే, ఆయన తేదీ ముక్కని వేరే స్క్రిప్టు ఫైల్లో రాసి, క్రాన్‌టాబ్‌లో ఆ ఫైలు పేరు మాత్రమే పెట్టాడు. స్క్రిప్టు లోపల పర్సెంటుని క్రాన్ ముట్టుకోదు. ఒక్క లైనే కదా అని నేరుగా ఎక్కించింది నేను. ఎందుకు వేరే ఫైలో ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది, అంతే.

రెండు నెలల్లో ఇంటర్వ్యూ ఉందంటే మ్యాన్ పేజీలతో పని జరగదు, కోర్సే చూసుకోండి. నాకు పగలు వేరే ఉద్యోగం, రాత్రి గంటసేపు నింపాదిగా చదువుకునే అలవాటు, తొందరలేని పని. అందుకే నాకు సరిపోయాయి.

ఫోటోల్లో కొన్ని ఆల్బమ్ ల్యాబ్‌లో దొరికాయి, చివరి రెండు పెళ్లిళ్లవి ఇంకా చెరపని కార్డుల్లో ఉన్నాయి. ఒక అన్నప్రాసనది మాత్రం దొరకలేదు. బావే వాళ్లింటికెళ్లి డబ్బులు తిరిగిచ్చి వచ్చాడు. ఇప్పుడు ఆ లైన్లో పర్సెంటు ముందు బ్యాక్‌స్లాష్ ఉంది. అయినా ప్రతి సోమవారం బావ ఫోన్ చేసి, "ఏరా, ఒక ఫోటో తెరిచి చూపించు" అంటాడు. తెరిచి చూపిస్తా.