ఏడు కాగితాలతో వ్యవసాయ చరిత్ర: కర్నూలులో ఒక వ్యాసరచన తరగతిపై సమీక్ష

కర్నూలు రాజ్‌విహార్ కూడలికి నడిచివెళ్లేంత దూరంలో, మందుల దుకాణం మీది మేడగదిలో, గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్నవారి కోసం నాలుగు ఆదివారాలపాటు నడిచిన చరిత్ర వ్యాసరచన తరగతికి నేను హాజరయ్యాను. ఫీజు 2,400 రూపాయలు. ఆధారపత్రాల కట్టకూ, మూడు వ్యాసాల దిద్దుబాటుకూ వేరే డబ్బు తీసుకోరు. కింద కొన్ని లోపాలు కూడా రాయవలసి వచ్చింది గనుక కేంద్రం పేరు చెప్పడం లేదు. తరగతి మొత్తానికి ఒకటే అంశం, వ్యవసాయ ఆధునికీకరణ. సిలబస్ కొండంత ఉండగా నాలుగు వారాలు ఒక్క అంశం మీదే కూర్చోబెట్టడం మొదట నాకు కాలం దుబారాగా తోచింది. రెండో ఆదివారం నాటికి ఆ లెక్క తప్పని తేలింది, ఎందుకంటే అక్కడ అసలు నేర్పుతున్నది పాత కాగితాన్ని చదివే పద్ధతి; వ్యవసాయం దానికి ఎంచుకున్న పొలం.

ఈ పద్ధతిని అమెరికా హైస్కూళ్లలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ చరిత్ర పరీక్షల నుంచి తెచ్చుకున్నామని పాఠం చెప్పే మేడమ్ మొదటి రోజే చెప్పారు. ఆ పరీక్షలో విద్యార్థి చేతికి ఏడు పత్రాలు ఇచ్చి, చదువుకోవడానికి 15 నిమిషాలతో కలిపి 60 నిమిషాల్లో వ్యాసం రాయమంటారు. ఉన్నవి 7 మార్కులు: వాదాన్ని స్పష్టంగా నిలబెట్టినందుకు ఒకటి, నేపథ్యానికి ఒకటి, సాక్ష్యాలకు మూడు, విశ్లేషణకు రెండు. సాక్ష్యాల మూడింటిలో ఒకటి, ఇచ్చిన పత్రాల్లో లేని విషయాన్ని మన చదువులోంచి తెచ్చి సందర్భానికి అతికించినందుకు ఇస్తారు. మన మెయిన్స్‌లో పత్రాలేవీ ఇవ్వరు, 150 మార్కుల పేపరును 3 గంటల్లో ముగించాలి, మరి ఈ సాధన మనకెందుకని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. పత్రం ఎదురుగా పెట్టుకుని వాదించడం అలవాటైనవాడు అది ఎదుట లేనప్పుడు కూడా గాలిలో మాట్లాడడని ఆమె సమాధానం చెప్పారు. వ్యాసాల వరకు ఆ మాటను ఒప్పుకోవచ్చు గానీ, నిమిషాలు లెక్కపెట్టుకుని రాయవలసిన చిన్న ప్రశ్నలకు ఈ పద్ధతి అంతగా ఉపయోగపడుతుందని నేననుకోను.

తరగతికి ప్రాణం పత్రాలను చదివించిన తీరే. మొదటిది కేసీ (కర్నూలు-కడప) కాలువకు సంబంధించిన కాగితం. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా ఆ కాలువను 1860ల్లో తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలు నడపడం కూడా ఆ పథకంలో భాగం. పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆశించిన ఆదాయం రాకపోవడంతో 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కోవలసి వచ్చింది. ఆ కాగితం చదివి, సాగునీటి ఆధునికీకరణకు ఇది నిదర్శనమని నేను లేచి చెప్పాను. మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఎవరి జేబు వైపు చూస్తూ రాసిన కాగితం నాయనా?" అని అడిగారు. లండన్‌లోని వాటాదారుల కోసం రాసిన కాగితంలో రాబడి అంచనాలే ఉంటాయి. నీళ్లు కావాలా వద్దా అని నందికొట్కూరు వైపు రైతును అడిగిన జాడ ఉండదు. నల్లరేగడిలో జొన్న, పత్తి మామూలు సంవత్సరాల్లో వానతోనే పండేవి గనుక, తీరువ (నీటి పన్ను) కట్టి కాలువ నీళ్లు పెట్టించుకోవలసిన అవసరం ఆనాటి రైతులకు కనబడలేదు. మాది కేసీ ఆయకట్టు ఊరే. నీటి వంతు కోసం రాత్రిళ్లు కాలువ గట్టు మీద కాపలా కాసే మనుషుల మధ్య పెరిగిన నాకు, ఒకప్పుడు ఇదే నీటిని వద్దన్నారని తెలిసినప్పుడు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

రెండో పత్రం 1876-78 నాటి మహా కరువు తర్వాత వచ్చిన 1880 కరువు కమిషన్ నివేదికలోని భాగం. అదే సాగునీరు ఇక్కడికి వచ్చేసరికి లాభసాటి పెట్టుబడి అన్న మాట వెనక్కి పోయి, కరువు నుంచి కాపాడే రక్షణగా కనిపిస్తుంది. మూడోది వోల్కర్ నివేదిక. ఈయన ఇంగ్లండు రాజ వ్యవసాయ సంఘానికి సలహాదారుగా ఉన్న రసాయన శాస్త్రవేత్త. 1889లో ఇక్కడికి వచ్చి దేశమంతా తిరిగి, 1893లో వెలువడిన నివేదికలో భారతీయ రైతు పనితనాన్ని మెచ్చుకున్నాడు. కొరతంతా నీటికీ ఎరువుకూ ఉందన్నాడు. పేడ పిడకలై పొయ్యిలోకి పోకుండా ఉండాలంటే వంటచెరకు కోసం అడవులు పెంచాలన్నాడు. రసాయన శాస్త్రవేత్త గనుకనే ఆయన కన్ను ముందుగా పేడ మీద పడింది. కంపెనీ కాగితం ఆదాయాన్ని చూసింది, కమిషన్ ఆకలిచావులను చూసింది, వోల్కర్ నేల సారాన్ని చూశాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివించిన ఆ రెండు గంటలకే నేను కట్టిన ఫీజు చెల్లిందనుకుంటాను.

మిగిలిన పత్రాలు అంత సేపు నిలబెట్టలేదు. 1928 నాటి రాయల్ వ్యవసాయ కమిషన్ నివేదిక భాగాన్ని తొందరగా దాటించారు. 1966 నుంచి మొదలైన అధిక దిగుబడి వంగడాల కార్యక్రమంపై ఇచ్చిన పత్రంలో పోటీ పరీక్షల గైడ్లలో లేని విషయం ఏదీ లేదు. ఆ లోటును మేడమ్ తన మాటలతో పూడ్చారు. ఐఆర్-8 వరి కథ కాలువ నీరు పుష్కలంగా ఉన్న డెల్టా కథ అనీ, అనంతపురం మెట్టపొలాల్లో కొర్రనూ జొన్ననూ పక్కకు నెట్టి చెనిక్కాయ (వేరుశనగ) పరుచుకోవడం కూడా ఆధునికీకరణలో భాగమేననీ, 1940లో తిండివనం కేంద్రం నుంచి వచ్చిన టీఎంవీ-2 రకం విత్తనాన్ని మన రైతులు దశాబ్దాలపాటు వదలకుండా వేశారనీ చెప్పారు. 1966ను గీతలా గీసి దానికి ముందంతా పాతకాలం, తర్వాతంతా కొత్తకాలం అని రాసే అలవాటును ఆమె గట్టిగానే మందలించారు.

దిద్దుబాటు విషయానికి వస్తే, నా మొదటి వ్యాసం తొలి వాక్యం ఇది: "బ్రిటిష్ కాలం నుంచి హరిత విప్లవం వరకు భారత వ్యవసాయం అనేక మార్పులకు లోనైంది." దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన "దీన్ని కాదనేవాడు ఎవడైనా ఉన్నాడా?" అని రాశారు. కాదనడానికి వీల్లేని వాక్యం వాదం కాదని నాకు అప్పుడు అర్థమైంది. రెండో వ్యాసంలో అదే చోట ఇలా రాశాను: "కర్నూలు ప్రాంతంలో వ్యవసాయ ఆధునికీకరణ కాలువ నీటితో మొదలైనా, ఆ నీటిని ఎప్పుడు, ఎంతవరకు అందుకోవాలో నిర్ణయించినవి నేల స్వభావమూ తీరువ భారమూ." దీని కింద చిన్న టిక్కు పడింది. పత్రాలకు వెలుపలి సాక్ష్యంగా, కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో రాయలసీమ అవసరాలకు ముందు చోటివ్వాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను వాడాను. దాన్ని పేరు చెప్పి వదిలేయకుండా వాదానికి ముడివేయమని మార్జిన్‌లో మూడు వరుసల సూచన రాశారు. నా పక్కన కూర్చున్న నంద్యాల అమ్మాయి 1906లో మొదలైన తమ ఊరి వ్యవసాయ పరిశోధనా కేంద్రాన్ని వాడుకుని నాకంటే మంచి మార్కులే తెచ్చుకుంది.

ఇక లోపాలు. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం అని ప్రతి కాగితాన్నీ నిలదీయమని నేర్పిన తరగతి ఇచ్చిన కట్టలోనే, ఆరో పత్రానికి మూలం లేదు. పంటల విస్తీర్ణం చూపే ఆ పట్టికలో చివరి నిలువు వరుస జిరాక్సులో సగానికి తెగిపోయింది. ఏడోదైన ట్రాక్టరు ఫొటో కింద ఊరు, తేదీ ఏవీ లేవు. నిర్వాహకుణ్ణి అడిగితే "వచ్చే వారం ఇస్తాం సార్" అన్నారు. ఆ వచ్చే వారం నాలుగో ఆదివారం దాటినా రాలేదు. మూడో వ్యాసం దిద్ది తిరిగివ్వడానికి 19 రోజులు పట్టింది, పైగా దాన్ని దిద్దిన చెయ్యి వేరు. చివర "బాగుంది" అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేదు. ఎర్ర పెన్సిలు సున్నాలకు అలవాటుపడినవాడికి ఆ మెప్పు చప్పగా ఉంటుంది. చేరదలచినవారు మూడు వ్యాసాలూ మేడమే దిద్దుతారో లేదో ముందుగా అడిగి తెలుసుకుని డబ్బు కట్టడం మంచిది. తెలుగులో రాసేవారికి ఇబ్బంది ఏమీ లేదు. ఆంగ్ల నివేదికలకు తెలుగు సారాంశం ఇచ్చారు, అది శుభ్రంగానే ఉంది.

అన్నిటికంటే పెద్ద వెలితి, ఏడు పత్రాల్లో ఒక్కటీ రైతు చేతి నుంచి వచ్చింది కాకపోవడం. ఆ మాట అనడంతో సరిపెట్టకుండా, మా తాత పెట్టెలో మిగిలిన నీటి తీరువ రసీదు ఒకటి చివరి ఆదివారం తీసుకెళ్లాను. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద "ఫసలీ 1370" అని ఉంది. గదిలో ఉన్న పదకొండు మందిలో ఒక్కరికీ ఆ సంవత్సరం తెలియలేదు. ఫసలీకి 590 కలిపితే ఆ రెవెన్యూ సంవత్సరం మొదలయ్యే ఏడాది వస్తుందని, అంటే ఇది 1960 జూలైలో మొదలైన ఫసలీ అని మేడమ్ బోర్డు మీద కూడిక వేసి చూపించారు. రైతు పత్రం దొరికిందని నేను సంబరపడుతుండగా, రసీదును వెలుతురుకు పట్టుకుని, "ఈ దస్తూరి మీ తాతదేనా నాయనా?" అని అడిగారు. కాదు, కరణానిది. మా తాతకు చెందినదల్లా దాని మీద రాసిన ఆయన పేరు, కట్టిన డబ్బు, దాన్ని పారెయ్యకుండా అన్నేళ్లు దాచిన జాగ్రత్త.

వచ్చే బ్యాచ్ కట్టలో ఆ రసీదును ఎనిమిదో పత్రంగా చేరుస్తామని మొన్న నిర్వాహకుడు ఫోన్ చేసి అనుమతి అడిగారు, ఇచ్చాను. ట్రాక్టరు ఫొటో కింద తేదీ పడిందా అని అడిగితే, వచ్చే వారం చూస్తామన్నారు.