స్లింకీ: పేరుకు తగ్గ నడక స్టీలుదే

మెట్ల మీద అడుగులు వేస్తూ దిగే స్ప్రింగు బొమ్మ ‘స్లింకీ’. ఆ మాట బొమ్మ పేరు కాకముందే ఇంగ్లీషులో ఒక విశేషణం. దాని మూలం ‘స్లింక్’ అనే క్రియ. పాత ఇంగ్లీషులో పాకడమని అర్థం, ఇప్పుడు పాలు తాగేసిన పిల్లిలా చప్పుడు లేకుండా జారుకోవడం. ‘స్లింకీ’ దగ్గరికొచ్చేసరికి ఆ దొంగచాటు తగ్గి, ఒళ్ళంతా వంపులు తిరుగుతూ సాగే వయ్యారం ముందుకొచ్చింది.

1943లో అమెరికా నౌకాదళం కోసం స్ప్రింగుల మీద పనిచేస్తున్న రిచర్డ్ జేమ్స్ చేతిలోంచి ఒకటి జారి, అడుగులు వేసినట్టు దిగింది. ఆయన భార్య బెట్టీ డిక్షనరీ వెతికి ఈ పేరు పెట్టింది. 1945లో ఫిలడెల్ఫియాలోని గింబెల్స్ షాపులో 400 బొమ్మలు గంటన్నరలో అమ్ముడయ్యాయి. ఒక్కోదాంట్లో 80 అడుగుల తీగ!

కొనేటప్పుడు స్టీలుదే తీసుకోండి. రంగురంగుల ప్లాస్టిక్‌ది తేలిక, పైచుట్లు వంగి పడేటప్పుడు వెనక చుట్లను లాగేంత బరువు చాలక రెండు మెట్లకే ఆగిపోతుంది. మరీ చిన్నపిల్లలకైతే అదే నయం, వేలు నొక్కుకోదు, తుప్పు పట్టదు.

నడిపించడానికి మెట్టు అంచుకి దగ్గరగా నిలబెట్టి, పై నాలుగైదు చుట్లు పట్టుకుని కింది మెట్టు మీదికి వంచి వదలాలి. మెట్టు మరీ వెడల్పైతే అందక ఆగుతుంది, నున్నటి గ్రానైట్ అయితే జారుతుంది. అప్పుడు ఏటవాలు చెక్క మీద గరుకు గుడ్డ పరిచి చూడండి.

దీని అసలు విలువ 9వ తరగతి ‘ధ్వని’ పాఠంలో తెలుస్తుంది. నేల మీద ఇద్దరు చెరో కొస పట్టుకుని రెండు మీటర్లు సాగదీయాలి. ఒక చుట్టుకి రిబ్బన్ కట్టి, కొసను ముందుకి నెట్టి వెనక్కి లాగితే దగ్గరపడిన చుట్ల గుంపు అవతలి కొసదాకా పరుగెడుతుంది. రిబ్బన్ మాత్రం ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తరంగం సాగే దిశలోనే చుట్లు ఊగే, ధ్వనిలాంటి అనుదైర్ఘ్య తరంగం కళ్ళముందే! కొసను పక్కలకి ఊపితే, చుట్లు అడ్డంగా ఊగే తిర్యక్ తరంగం.

చిక్కుపడితే రెండు కొసలూ పట్టి లాగొద్దు. సాగినా తిరిగి మామూలుకి రాగలిగే హద్దు (స్థితిస్థాపక హద్దు) దాటిన స్టీలు మళ్ళీ దగ్గరికి రాదు. ఒక్క చుట్టు వంగినా బొమ్మ పక్కకి ఒరిగి పడుతుంది. ఒక కొస పట్టుకుని, ముడి వదిలేదాకా చుట్టు తర్వాత చుట్టు తిప్పుకుంటూ రావాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో కుట్టుమిషన్ నూనె చుక్క వేసి తుడిచి పెట్టుకోండి.