హాడ్రియన్ విల్లానా, స్పెర్లోంగా గుహా?

రోమ్ చక్రవర్తుల విల్లాల్లో ఒక్కటే చూసే టైముంటే చాలామంది టివోలీలోని హాడ్రియన్ విల్లాకే వెళ్తారు. రోమ్‌కు దాదాపు 30 కిలోమీటర్లు. క్రీ.శ. 2వ శతాబ్దంలో హాడ్రియన్ కట్టించిన ఈ విల్లా సుమారు 120 హెక్టార్లు. ఇల్లనడం కంటే ఊరనడమే నయం. కనోపస్ కొలను గట్టున ఏథెన్స్‌లోని ఎరెక్థియోన్ గుడికి స్తంభాలుగా ఉన్న స్త్రీమూర్తులకు నకళ్లు వరుసగా నిలబడి ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే: శతాబ్దాల తవ్వకాల్లో మంచి శిల్పాలు చాలావరకు తలో దిక్కుకూ పోయాయి. ఇక్కడ దొరికిన నల్లరాతి సెంటార్లు (సగం మనిషి, సగం గుర్రం), పావురాల మొజాయిక్ (రంగురాళ్ల చిత్రం) చూడాలంటే మళ్లీ రోమ్‌లోని కాపిటోలైన్ మ్యూజియానికే వెళ్లాలి.

స్పెర్లోంగా కథ వేరు. రోమ్, నేపుల్స్ మధ్య సముద్రం ఒడ్డున చక్రవర్తి టైబీరియస్ విల్లా, దాన్ని ఆనుకుని ఒక గుహ. క్రీ.శ. 26లో విందు నడుస్తుండగా రాళ్లు కూలితే, అంగరక్షక దళాధిపతి సెజానస్ తన ఒంటిని అడ్డుపెట్టి చక్రవర్తిని కాపాడాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 1957లో ఇక్కడ వేల శిల్ప శకలాలు బయటపడ్డాయి. వాటిని రోమ్‌కు తరలించబోతే ఊరివాళ్లు అడ్డం తిరిగారు. అందుకే ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్ కన్ను పొడిచే గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ బృందం, అతని నావికులను పట్టుకున్న సముద్ర రాక్షసి స్కిల్లా శిల్పాలు గుహ పక్క మ్యూజియంలోనే ఉన్నాయి. ముక్కలు అతికించినవే, ఖాళీలూ ఎక్కువే. అయినా స్కిల్లా శిల్పంపై చెక్కిన మూడు పేర్లూ వాటికన్‌లోని ప్రసిద్ధ లాకూన్ శిల్పాన్ని చెక్కినవాళ్లవిగా రోమన్ రచయిత ప్లినీ చెప్పినవే!

కట్టడాల పిచ్చి ఉంటే టివోలీ. నాకైతే శిల్పం దొరికినచోటే కనబడాలి, స్పెర్లోంగాకే నా ఓటు.