మాట్లాడే కార్డుల పెట్టె: రెండు నెలల వాడకం తర్వాత

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి ఒక బొమ్మల దుకాణంలో, మా పాపకు ఇరవై నెలలు నిండిన వారంలో, తెలుగు, ఇంగ్లిష్ రెండూ పలికే కార్డుల పెట్టెను ఐదు వందల లోపు ధరకు కొన్నాను. అరచేయంత ప్లాస్టిక్ పెట్టె, దాని నెత్తిన ఒక సందు, 112 కార్డులు, వాటికి రెండు వైపులా బొమ్మలు ఉంటాయి. కార్డును సందులో పెడితే పేరు వినిపిస్తుంది, పక్కనున్న మీట నొక్కితే భాష మారుతుంది. పెట్టె మీద పిల్లలకు త్వరగా మాటలు వస్తాయని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను కొన్నది ఆ మాటను నమ్మి కాదు, మా అమ్మ పోరు పడలేక.

మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి పాప పగలంతా కింది పోర్షన్‌లో ఉండే ఇంటి యజమానురాలి దగ్గరే పెరుగుతోంది. ఆమెను మేమందరం నానీ అనే పిలుస్తాం, ఆమె పాపతో మాట్లాడేది పాలమూరు ఉర్దూ. “రెండు భాషలు పెడితే పిల్లకు మాట తిరుగదు బిడ్డా” అని మా అమ్మ జడ్చర్ల నుంచి వచ్చినప్పుడల్లా అనేది. ఆ మాట పట్టుకొని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన ముందు పాప వినికిడి పరీక్ష చేయించి, ఆ తర్వాత రెండు భాషల మాటలనూ కలిపి లెక్కపెట్టమన్నారు. రాసి చూస్తే తెలుగువి 16, ఉర్దూవి 12, మొత్తం 28 తేలాయి. పాలు–దూద్, నీళ్లు–పానీ వంటి జంటలు ఐదు ఉన్నాయి కనుక పాపకు తెలిసిన వస్తువులు, పనులు కలిపి 23 అన్నమాట. రెండేళ్లు నిండేసరికి దాదాపు యాభై మాటలు, రెండేసి మాటలు కలిపి పలకడం వస్తే చాలని, రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని ఆయన చెప్పారు. తెలుగు మాటలను మాత్రమే లెక్కపెట్టుకొని మేము నెల రోజులు అనవసరంగా దిగులుపడ్డాం.

ఇక పెట్టె పలికే తెలుగు సంగతికి వస్తాను. గొంతు స్పష్టంగానే ఉంది, కానీ ఆ తెలుగు మా వంటింటిది కాదు. మేము ఆలుగడ్డ అంటాం, అది బంగాళాదుంప అంటుంది. మక్కకంకి బొమ్మకు మొక్కజొన్న, ఉల్లిగడ్డ బొమ్మకు ఉల్లిపాయ అని వినిపిస్తుంది. అవేవీ తప్పు మాటలు కావు. అయితే పొద్దున కూరగాయల బండి దగ్గర ఒక పేరు, సాయంత్రం పెట్టెలో మరో పేరు, నానీ నోట ఆలూ అని మూడో పేరు వినే పిల్లకు ఆ మధ్య పేరుతో పని పడేది ఎక్కడో తయారుచేసినవారు ఆలోచించినట్టు లేదు. “పళ్లు” అనే చోట ళకారం ల అయి “పల్లు”గా వినిపించడం మాత్రం తప్పే. పండ్ల కార్డుల్లో కివీ, డ్రాగన్ ఫ్రూట్ ఉన్నాయి కానీ, బాలానగర్ రకానికి పేరుపడ్డ జిల్లాలో అమ్మే పెట్టెలో సీతాఫలం లేదు.

అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, పెట్టె ఎదురు చూడదు. పేరు చెప్పి ఊరుకుంటుంది. పాప “ఆ?” అన్నా, తప్పు పలికినా, బొమ్మను వదిలేసి కిటికీ వైపు చూపించినా దానికి ఒకటే. అమెరికాలోని సియాటిల్‌లో, శిశువులు భాషను ఎలా పట్టుకుంటారో పరిశోధించే ప్యాట్రిషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ గుర్తుకు వస్తుంది. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు 12 విడతలుగా చైనా వారి మాండరిన్ వినిపించారు. మనిషి ఎదుట కూర్చొని ఆడిస్తూ మాట్లాడినప్పుడు వాళ్లు ఆ భాష ధ్వనుల తేడాను పట్టుకున్నారు గానీ, అదే భాషను వీడియోలో చూపినా, ఆడియోగా వినిపించినా పట్టుకోలేదు. అది ధ్వనుల గురించి చేసిన ప్రయోగమే, మాటల గురించి కాదు. అయినా మా ఇంట్లో రెండు నెలలుగా చూస్తున్నది దానికి దగ్గరగానే ఉంది. పెట్టె ముందు కూర్చున్నంతసేపూ పాప కార్డును సందులో దూర్చే ఆటనే ఆడింది, పేరు తిరిగి పలికింది చాలా తక్కువ.

మాటలు వచ్చింది నానీ చేతిలో. ఆమె పెట్టెను పక్కన పడేసి, చాప మీద నాలుగు కార్డులు పరిచి, “ఆలూ కిధర్ హై?” అని అడిగి ఊరుకుంటుంది. పాప వెతుకుతుంది, ఒక్కోసారి అరటిపండు తెచ్చి ఇస్తుంది, ఆమె నవ్వి మళ్లీ అడుగుతుంది. సాయంత్రం అవే కార్డులతో నేను తెలుగులో అడుగుతాను. పోయిన వారం గ్లాసును రెండు చేతులతో తోసేస్తూ పాప “పాలు నక్కో” అంది. తెలుగు నామవాచకానికి ఉర్దూ నిరాకరణ తగిలించిన ఆ రెండు మాటలే తన మొదటి వాక్యం. మా అమ్మ కూడా ఆ పూట భాషల సంగతి ఎత్తలేదు.

కార్డులు దళసరిగా ఉన్నాయి, నమిలినా అంచులు చెడలేదు, బొమ్మలు బాగున్నాయి. పెట్టె మాత్రం నాసిరకం. సందులో దుమ్ము చేరితే ఆవు కార్డుకు ఏనుగు అంటుంది, శబ్దం తగ్గించే వీలు లేదు, వాపసు తీసుకోమంటే దుకాణం వాళ్లు ఒప్పుకోలేదు. కార్డుల కోసమైతే సగం ధర పెట్టవచ్చు. మాటలు ఆలస్యమవుతున్నాయన్న అనుమానంతో కొనేవారు మాత్రం ఆ డబ్బు దాచుకొని సర్కారు దవాఖానకు వెళ్లడం మేలు. పేరు పెట్టి పిలిచినా తిరగని పిల్లకు, పద్దెనిమిది నెలలకు ఏ భాషలోనూ ఒక్క మాట రాని పిల్లకు ముందుగా కావలసింది వినికిడి పరీక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద వినికిడి లోపాన్నీ, మాట ఆలస్యాన్నీ కూడా చూస్తారు.

మా పెట్టె ఛార్జింగ్ వైరు ఎక్కడో పోయింది, నేను వెతకలేదు. కార్డులు 9 తక్కువయ్యాయి, వాటిలో రెండు నిన్న నానీ వాళ్ల బియ్యం డబ్బాలో దొరికాయి.